దర్జీ చెవి, కాంటా చెవి

ఎనిమిది గంటల భోంగా కూత చక్కెర ఫ్యాక్టరీ నుంచి లేచి, తూకం కోసం బారులు తీరిన చెరుకు బండ్ల మీదుగా వచ్చి, బోధన్ ఇళ్ల కప్పులన్నీ తడిమి ఆరిపోయేసరికి నర్సన్న దేవుడి ముందు నుంచి లేచాడు. హారతి ఇంకా ఇవ్వలేదు. విఠోబా పటం ముందు ఒత్తి వెలుగుతూనే ఉంది, తులసి తడిగానే ఉంది. పదిహేనేళ్లుగా ఆదివారమంటే ఏడున్నరకల్లా పూజ ముగించి ఎనిమిదికి సిలోన్ రేడియోకు చెవి అప్పగించే మనిషి, ఈ రెండు నెలలుగా పూజ ముగించలేకపోతున్నాడు. మొక్కు పెరిగింది కాదు, తిరగబడింది. కార్డు రాసి అడిగే ఫర్మాయిష్ పాటల్లో నా పేరు ఒక్కసారి చదివించు స్వామీ అని ఏళ్ల తరబడి, పైకి అనకపోయినా కళ్లు మూసుకున్నప్పుడల్లా లోపల అనుకున్నవాడే, ఇప్పుడు ఆదివారం తెల్లవారితే చాలు, ఈ వారం కూడా చదవనియ్యకు అని వేడుకుంటున్నాడు. దేవుడు ఏ మొక్కు వింటాడు? ముందుదా, వెనకదా? ముందు వచ్చిన అర్జీ ముందు చూడడం ఫ్యాక్టరీ ఆఫీసులో పద్ధతి. అక్కడ కూడా అదే పద్ధతైతే తన పని అయిపోయినట్టే.

రేడియో ఉన్నది దేవుడి గూటి పక్క గూట్లోనే. ఆ గూడు వెనక గోడ దర్జీ ముక్తార్ ఇంటిది కూడా. ఒకటే గోడ, రెండిళ్లు. బిరడా తిప్పాక వాల్వులు వేడెక్కే దాకా రేడియో ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. తర్వాత పచ్చకన్ను మెల్లగా తెరుచుకుంటుంది. ఆ కన్ను తెరవకముందే గోడ అవతల పీట లాగిన చప్పుడైంది. ముక్తార్ భార్య ఖాతూన్ వచ్చి కూర్చుంది. ముక్తార్ పోయి రెండు నెలల పదమూడు రోజులు. ఇద్దత్‌లో ఉన్న మనిషి, నాలుగు నెలల పది రోజులు గడప దాటదు. గడప దాటకుండానే ప్రతి ఆదివారం గోడ దగ్గరికి మాత్రం వస్తుంది. మొదటిసారి ఆ సంగతి నర్సన్నకు భార్య రాధాబాయి వచ్చి చెప్పింది. "ఖాతూన్ రేడియో జర జోరుగ పెట్టుమన్నది. ఇద్దత్ల పాటలేంది బిడ్డా, మీ వాళ్లు ఏమన్న అంటరేమో అన్న నేను. 'పాట ఇననీకె కాదు అక్కా, పేరు ఇననీకె' అన్నది. మీరిద్దరు కలిసి కార్డు రాసిండ్రట గద? దవాఖానల పండుకోని ఆయన చెప్పిండట, ఈసారి మన పేరు తప్పకుంట వస్తది, మొదటి పేరు నాదే అని."

ఆ కార్డు మీద ముక్తార్ పేరు లేదు. ఆ సంగతి రాసిన నర్సన్నకూ, పటంలో నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తున్న విఠోబాకూ తప్ప ఎవరికీ తెలియదు. రాధాబాయికి కూడా తెలియదు. తెలిస్తే ఏమంటుందో అనుకోవడానికే భయం. అది తిట్టదు, ఒక్కసారి చూసి వంటింట్లోకి పోతుంది, ఆ చూపుతో ఏడాది బతకాలి. రేడియో కన్ను పూర్తిగా తెరుచుకుంది. సముద్రం మీది గాలి వచ్చినట్టు ఒక హోరు, అందులోంచి చదివే మనిషి గొంతు, చెంచాలో తేనె తీసినట్టు తీరుబడిగా. మొదటి పాట. అడిగిన వాళ్లు నాందేడ్ నుంచి, నాగపూర్ నుంచి, ఎక్కడో రాజస్థాన్ నుంచి, పేర్లు, పేర్లు, పేర్ల వెనక పేర్లు. వాటిలో సగం ఇంటి నిండా ఉన్న పేర్లని, పక్కింటి పేర్లని, అడగకుండా చేర్చిన పేర్లని నర్సన్నకు తెలుసు. ఒక్క పేరున్న కార్డును ఎవరు పట్టించుకుంటారు? అందుకే అందరూ కూర్చుతారు. తాను కూర్చలేదా? అత్తగారి పేరు రాశాడు, ఆమె పోయిన తర్వాత కూడా పొరపాటున ఒకసారి రాశాడు. బావమరిది పోశన్న పేరు రాశాడు. వాడికి పాటంటే ఎడ్లను అదిలించే కూత. అలా చెవి లేని వాళ్ల పేర్లకు కూడా చోటిచ్చిన చెయ్యి, చెవి తప్ప మరేమీ లేని వాడి పేరుకు ఎందుకు ఇవ్వలేకపోయింది?

కలం తన చేతిలో ఉండడమే వచ్చిన చిక్కేమో. నిజాం కాలంలో ఉర్దూ బడిలో ఆరు తరగతులు చదివాడు నర్సన్న. ముక్తార్‌కు సంతకం వరకే వచ్చు. కాబట్టి పదిహేనేళ్లు కార్డు రాసింది నర్సన్న, ముందు కూర్చుని చెప్పింది ముక్తార్. కుట్టుమిషను కాలితో తొక్కుతూనే చెప్పేవాడు. "నా పేరు మొదట రాయి యార్. కార్డు పొట్టిది, ఆఖర్కి జాగ ఉండది." నర్సన్న నవ్వి తన పేరే మొదట రాసేవాడు, రెండోది ముక్తార్‌ది. ఎన్ని కార్డులు! బొంబాయి చిరునామాకు పోతే అక్కడి నుంచి సముద్రం దాటి పోతాయట. ఒక్కటీ చదవలేదు. ఐనా ఆదివారం ముక్తార్ ఈ గుమ్మంలోనే, ఇక్కడే, మెడలో టేపు తీయకుండా కూర్చుని, బోధన్ అన్న మాట వస్తుందేమోనని నోట్లో పాన్ నమలడం ఆపేవాడు. పెండ్లిళ్ల రోజుల్లో పని వదలడం కుదరకపోతే అవతలి గదిలోనే కుడుతూ, పాట చిన్నగా వినిపిస్తే కత్తెర పిడితో గోడ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. రెండు దెబ్బలంటే పెంచమని. తగ్గించమని ఎన్ని దెబ్బలు కొట్టాలో వాళ్లు ఎప్పుడూ అనుకోలేదు, అవసరం పడలేదు.

"హారతి ఇయ్యకుంటనే లేసినవేంది?" రాధాబాయి గుమ్మంలో నిలబడింది, చేతిలో బియ్యం చేట. "ఇస్తా, ఇగ రెండు నిమిషాలు." "నీ రెండు నిమిషాలు సిలోన్ నిమిషాలు. దేవుని మొకం జూడు, పాపం, నువ్వెప్పుడొస్తవా అని నిలబడే ఉన్నడు." ఆమె హాస్యానికే అంది. నర్సన్నకు మాత్రం నిలబడి ఉన్న దేవుడు ఈ పూట సాక్షి చెప్పడానికి వచ్చిన వాడిలా కనిపించాడు. భజనలో తాళం పట్టేటప్పుడు ఎన్నోసార్లు సినిమా పాట నోటిదాకా వచ్చి మింగాడు. అది పాపమా అని ఒకసారి పంఢరి నుంచి వచ్చిన ముసలి భక్తుణ్ని అడిగితే, పాటకు పాపం అంటదు నాయనా, పాడే వానికి అంటుతది అన్నాడు. అప్పుడు ఆ మాట తేలిగ్గా తోచింది. తాను ఇష్టపడే పాటలన్నీ విలంబంగా, ఏడుపు గొంతుతో, షహనాయితో ఉండేవే కదా. కళ్లు తడిస్తే అది భక్తికి దగ్గరే కదా. పాటలకు ఒక నోట్‌బుక్కు పెట్టాడు. ఏది మొదటిది, ఏది రెండోది, ఏ ఏడు ఏ పాట కిందికి జారింది, ఎందుకు జారింది. ఫ్యాక్టరీ కాంటా దగ్గర బండ్ల తూకం రాసినంత శ్రద్ధగా రాశాడు. ముక్తార్ ఆ నోట్‌బుక్కు తిరగేసి, తలకిందులుగా పట్టుకుని, "గిండ్ల నవ్వే పాట ఒక్కటి లేదేం నర్సన్నా? నీ పాటలన్నిటికి జరమొచ్చినట్టుంది" అనేవాడు.

ముక్తార్‌కు కావలసింది కాలు ఊగే పాట. కాలు ఊగితే మిషను ఊగుతుంది, మిషను ఊగితే కుట్టు తిన్నగా పడుతుంది. పాట తప్పుడు తాళంలో ఉంటే లాగు వంకర వస్తుందని ఒట్టేసి చెప్పేవాడు. కథలు కూడా అంతే. సాయంత్రాలు బస్టాండు దగ్గరి అద్దె పుస్తకాల దుకాణం నుంచి నర్సన్న తెచ్చే అపరాధ పరిశోధన నవలలు, వారపత్రికల్లో సీరియళ్లు, ముక్తార్‌కు తెలుగు చదవడం రాదు గనక, పైకి చదవాలి. ఏడ్చే సీరియలైతే "పక్కకు పెట్టు, గామె ఇంక రెండు నెలలు ఏడుస్తది" అనేవాడు. ఖూనీ కథైతే మిషను ఆపి వినేవాడు. ఆఖరి నవల ఒక దొర బంగళాలో ఖూనీ. ముప్పావు వంతు అయింది. "తోటమాలే చేసిండు, రాసుకో" అన్నాడు ముక్తార్. ఎట్ల చెప్తవు అంటే, "కోటు కొత్తది అన్నవు, గుండీలు పాతయి అన్నవు. కొత్త కోటుకు పాత గుండీలు ఏ దర్జీ కుడ్తడు? ఎవరి గుండీలో అవి? మాలివే." మిగతాది రేపు అనుకున్నారు. ఆ రేపు ఆదివారం. ఆ ఆదివారమే తగువు. తర్వాత నర్సన్న మిగతా పుస్తకం ఒక్కడే, పగబట్టినట్టు కూర్చుని చదివాడు. తోటమాలే. గుండీలే పట్టించాయి. పుస్తకం మూసి దుకాణంలో తిరిగి ఇచ్చేశాడు, ఎవరికీ చెప్పలేదు.

మూడో పాటో నాలుగో పాటో వస్తోంది. హోరు పెరిగి గొంతు మునిగి మళ్లీ తేలింది. వీధి మూల మీద అయ్యూబ్ హోటల్లో కూడా ఇదే స్టేషను పెట్టి ఉంటారు. ఆదివారం చాయ తాగే వాళ్లందరికీ ఇదే. తగువు జరిగింది అక్కడే, దసరా ముందర ఆ ఒక్క ఆదివారం ఇద్దరూ హోటల్లోనే కూర్చుని విన్నప్పుడు, పాటలు అయిపోయి అందరూ లేవబోతున్నప్పుడు. ముక్తార్ అన్నాడు, "నర్సన్నా, మన కార్డు ఎందుకు సదవరో తెలిసింది. నువ్వు అడిగే పాట వెయ్యి మంది అడుగుతరు. ఎవ్వరు అడగని పాట అడుగుదం." ఏ పాట అంటే, నిజామాబాద్‌లో నాలుగే రోజులు ఆడి పోయిన ఒక సినిమాలో గొర్రెలు కాసే పిల్ల పాడే పాట చెప్పాడు. "రెండో చరణం ముందర సారంగి ఒక్కసారి ఏడుస్తది, అంతల్నే నవ్వుతది. ఏడ్చింది ఎక్కడ ఆగింది, నవ్వింది ఎక్కడ మొదలైంది, కుట్టు కనిపించది యార్." నర్సన్నకు ఆ పాట గుర్తుంది, పట్టించుకోలేదు అంతే. అందరి ముందూ పెద్దవాడిలా నవ్వాడు. "గొర్ల పాటకు ఎవలన్న కార్డు రాస్తరా? పాట ఎంచుడంటే బట్ట కత్తిరించినట్టు కాదు ముక్తార్. నీది దర్జీ చెవి." ముక్తార్ తడుముకోలేదు. "అవు, నాది దర్జీ చెవే. నీది కాంటా చెవి. బరువున్నదే పాట అనుకుంటవు." హోటలంతా గొల్లుమంది. అయ్యూబ్ చాయ గిన్నె దించి మరీ నవ్వాడు. "వారెవ్వా, నర్సన్నను కాంటా ఎక్కించిండు!" నర్సన్న చాయ సగంలో వదిలి ఇంటికొచ్చాడు. ఇన్నేళ్ల స్నేహంలో అంత చిన్న మాట. చిన్నది కాకపోతే మరచిపోయేవాడేమో. అది నిజం గనక దిగబడింది.

ఆ సాయంత్రం కార్డు రాశాడు. ఏ పాట రాశాడు? ఆ పాటే ఎందుకు రాశాడో ఇప్పటికీ అర్థం కాదు, అర్థం కాకపోవడమే నయమనిపిస్తుంది. తన షహనాయి పాటల్లో ఒకటి రాసి ఉంటే అది వట్టి కోపం, కోపానికి దేవుడు కూడా ఒక దారి చూపిస్తాడు. గొర్రెల పిల్ల పాట రాశాడు. ముక్తార్ చెప్పిందే సరైనదని చెవికి తెలిసిపోయింది, అది ఎవరూ అడగరనీ, అందుకే చదువుతారనీ. పాట పేరు రాసి, కింద నర్సన్న, రాధాబాయి, రామ్‌దాస్, పోశన్న. రామ్‌దాస్ తన కొడుకు, నిజామాబాద్‌లో చదువుకుంటున్నాడు, వాడికి పాటల గొడవే లేదు. పోశన్న తర్వాత జాగా మిగిలింది. వేలెడు జాగా. ఆ జాగా వైపు కలం పోయింది కూడా. సిరా ఆరే దాకా చూసి, ఎర్ర డబ్బాలో వేసి వచ్చాడు. ఒకరి ఇంట్లో గిన్నె ఎత్తుకొస్తే దొంగతనం. ఒకరి చెవి ఎంచిన పాట ఎత్తుకొస్తే దానికి పేరేముంది? మందిరంలో చెప్పిన పాపాల్లో అది ఎక్కడా వినలేదు. వినకపోతే లేనట్టా?

మాట్లాడుకోవడం మానేసిన మూడో వారంలో ముక్తార్ కళ్లు పచ్చబడ్డాయని రాధాబాయి చెప్పింది. పసరు మందు పోశారు, ఇందల్వాయి నుంచి ఖాతూన్ అన్న వచ్చి ఇంకో మందు పోశాడు, చివరికి నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. నర్సన్న పోయింది ఒక్కసారి. బస్సులో పోతూ దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూర్చుకున్నాడు. అక్కడ ఏమీ అక్కరలేకపోయింది. ముక్తార్ పసుపు రాసినట్టున్న ముఖంతో నవ్వి, "ఖూనీ ఎవరు చేసిండ్రు?" అన్నాడు. "ఇంక సదవలే. నువ్వు వచ్చినంక సదువుదం." అది మంచి కోసం చెప్పిన అబద్ధం అనుకున్నాడు. ఒకసారి తలుపు తీస్తే రెండోది తోసుకునే వచ్చింది. "కార్డు పంపినవా?" "పంపిన." "గొర్ల పాట?" "గదే." ముక్తార్ కళ్లు మూసుకుని దిండు మీద తల సర్దుకున్నాడు. ఎంత తృప్తి ఆ ముఖంలో! "ఎవరి పేరు మొదట?" నర్సన్న మంచం పట్టె పట్టుకున్నాడు. "నీదే." అంతే. తర్వాత ఖాతూన్ గంజి తెచ్చింది. అప్పటికి పన్నెండో రోజున ముక్తార్ జనాజా వెనక నడుస్తున్నప్పుడు నర్సన్నకు ఏడుపు రాలేదు, ఒకటే లెక్క: కార్డు ఎక్కడి దాకా పోయి ఉంటుంది?

మరో కార్డు కూడా రాశాడు, నలభై రోజుల తర్వాత. ముక్తార్ పేరు మొదట పెట్టి. పెట్టాక చెయ్యి ఆగింది. పోయిన మనిషి ఈ పాట వినాలనుకుంటున్నాడు అని రాయడం ఒక అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో కప్పడం కాదా? మనిషి ఉన్నప్పుడు రాయని పేరు, లేనప్పుడు రాస్తే ఎవరి కోసం? ఆ కార్డు విఠోబా పటం వెనక ఉంది. రోజూ దానికీ కలిపి హారతి ఇస్తున్నాడు.

గోడ అవతల ఖాతూన్ దగ్గింది. తొమ్మిదికి ఇంకా పావుగంట. ఈ వారం కూడా గడిచిపోతుందేమో. గడిచిపోతే వచ్చే ఆదివారం. ఎన్ని ఆదివారాలు? ఇద్దత్ అయిపోతే ఆమె అన్న వచ్చి ఇందల్వాయి తీసుకుపోతాడని అంటున్నారు. అక్కడ రేడియో లేదట. అప్పటిదాకా చదవకపోతే ఆమె జీవితమంతా ఆ పేరు కార్డు మీద ఉందనే అనుకుంటుంది, ముక్తార్ మొదటి పేరుతో సముద్రం అవతల ఎక్కడో ఉన్నాడనుకుంటుంది. అది మేలు కాదా? ఎవరికి మేలు? అప్పుడు చదివే గొంతు కాస్త నవ్వినట్టు ఆగింది. చాలా రోజులకు ఎవరూ అడగని పాట ఒకటి అడిగారు అంది. సినిమా పేరు చెప్పింది. అడిగిన వాళ్లు హైదరాబాద్ వైపు నుంచి, బోధన్ అనే ఊరు నుంచి.

నర్సన్న చెయ్యి తనంతట తాను లేచింది. బిరడా ఎడమకు తిరిగింది. శబ్దం పోయింది. పచ్చకన్ను మాత్రం అలాగే చూస్తోంది. సిలోన్ మునగడం కొత్త కాదు, గాలికి పోయిందంటే ఎవరైనా నమ్ముతారు. మనసులో అనుకుని చేసింది కాదు, కానీ చెయ్యి ఎంత తెలివిగా చేసింది! ఇల్లంతా నిశ్శబ్దం, చేటలో బియ్యం కూడా ఆగాయి. ఆ నిశ్శబ్దంలోకి, తాను మరచిపోయిన మూల మీది నుంచి, అయ్యూబ్ హోటల్ రేడియో కప్పుల మీదుగా సన్నగా, స్పష్టంగా వచ్చింది. నర్సన్న. రాధాబాయి. రామ్‌దాస్. పోశన్న. పదిహేనేళ్లు ఎదురుచూసిన గొంతు తన పేరు పలకడం అదే మొదటిసారి. కొంచెం తప్పుగా, ముద్దుగా పలికింది. హోటల్లో కేకలు. "అరె, మన నర్సన్న! బోధన్ అన్నడు, ఇన్నవా? నర్సన్న అన్నడు!" ఎవరో బల్ల మీద చరుస్తున్నారు.

గోడ మీద రెండు దెబ్బలు. కత్తెర పిడితో కొట్టినవే, అదే చప్పుడు. నర్సన్న బిరడా కుడికి తిప్పాడు. పాట అప్పటికే మొదటి చరణం దాటింది. సారంగి వచ్చింది. ఏడ్చింది, అంతలోనే నవ్వింది. కుట్టు ఎక్కడుందో వెతికాడు నర్సన్న, కంటితో వెతికినట్టు వెతికాడు. కనిపించలేదు. గొర్రెల వెంట పోయే ఆ పిల్ల గొంతు గూటిలోంచి గదిలోకి, గదిలోంచి గోడలోకి పోతుంటే అతని కాలు, తనకు తెలియకుండా, మడమ లేపి దించుతోంది. తెలిసి ఆపేశాడు. పాట అయిపోయింది. ఇంత చిన్న పాటా అనిపించింది.

"అన్నా." ఖాతూన్ గొంతు గోడకు చాలా దగ్గరగా ఉంది. "నడుమ రేడియో ఆగింది. హోటల్ల లొల్లికి నాకు సరిగ ఇనరాలె. ఆయన పేరు సదివిండ్రా?"

రాధాబాయి వైపు చూశాడు. ఆమె సంతోషంతో చేట కింద పెట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆమెకు తన పేరు వినిపించింది మరి. చదివారు అంటే అయిపోయే మాట. ఒక్క మాట. దవాఖానలో చెప్పిందే ఇంకోసారి. ఒత్తి చివరికి వచ్చి టపటపమంటోంది. గోడ లేకపోతే చెప్పలేకపోయేవాడు. ఆమె ముఖం కనిపించి ఉంటే ఏదో ఒక అబద్ధమే చెప్పేవాడు.

"లేదమ్మా," అన్నాడు. "సదవలే. నేను రాయలే. నీ ఇంటాయనకు అబద్ధం చెప్పిన. పేరు నేనే రాయలే."

రాధాబాయి కొంగు దించింది. వీధిలో చెప్పుల చప్పుళ్లు, అయ్యూబ్ గొంతు అందరికన్నా ముందు, "నర్సన్నా, బైటికి రావయ్యా, పాటల రాజా! చాయ నాది, మిఠాయి నీది!" తలుపు దబదబలాడుతోంది.

"మరి పాట?" అంది ఖాతూన్ చివరికి.

"పాట ఆయనదే."

"ఐతే పాటనన్న మొత్తం ఇననియ్యకపోతివి అన్నా."

పీట వెనక్కి జరిగిన చప్పుడైంది. రేడియోలో ఇంకెవరో అడిగిన ఇంకో పాట మొదలైంది, విలంబంగా, షహనాయితో, అతని నోట్‌బుక్కులో మూడేళ్లు మొదటి వరసలో నిలిచిన పాట. తలుపు ఆగకుండా మోగుతూనే ఉంది. నర్సన్న బిరడా మీద చెయ్యి అలాగే ఉంచి, గోడ మీద ఒక్క దెబ్బ కోసం, పెంచమనో తగ్గించమనో, ఏదో ఒక దెబ్బ కోసం విన్నాడు.